బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన ఫోన్ మన చేతి నుంచి జారితే ఏమవుతుంది?

మా పిన్ని కొడుకు ఫోన్‌కి ఛార్జింగ్ పోర్ట్ పోతే, మార్పించడానికి ఇద్దరం మురమళ్ళ నుంచి అమలాపురం వెళ్ళాం. 2019లో కొన్న ఫోన్ అది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ పెట్టి, కస్టమ్ రోమ్ ఎక్కించి రెండేళ్ళయింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ నడుపుతున్నానని వాడికి కాస్త గర్వం కూడా. షాపులో ఆయన పోర్ట్ మార్చేసి, డేటా కూడా వెళ్తోందో లేదో చూద్దామని కేబుల్‌ని కంప్యూటర్‌కి గుచ్చి ఫోన్ ఆన్ చేశాడు. వాల్యూమ్ బటన్ మీద వేలు పడిందో ఏమో, ఫోన్ నేరుగా రికవరీలోకి వెళ్ళిపోయింది. కంప్యూటర్ మీద ఫోల్డర్లు తెరుచుకున్నాయి.

"ఇదేంటి తమ్ముడూ, దీనికి లాక్ పెట్టుకోలేదా?" అన్నాడాయన.

"పెట్టానండి, ప్యాటర్న్ ఉంది కదండి" అన్నాడు మావాడు.

"మరి నన్ను అడగలేదే?" అని మానిటర్ మా వైపు తిప్పాడు.

అందులో వాట్సాప్ ఫొటోల ఫోల్డర్ ఉంది. కువైట్‌లో పనిచేస్తున్న మా పిన్ని, అంటే వాడి అమ్మ, పంపిన పాస్‌పోర్ట్ పేజీలు, అక్కడి సివిల్ ఐడీ రెండు వైపులా, ఆవిడ పంపే డబ్బులు పడే అకౌంట్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు. కోనసీమలో గల్ఫ్‌కి మనిషి వెళ్ళిన ఏ ఇంటి ఫోన్ తీసినా దాదాపు ఇవే ఉంటాయి. అవసరానికి ఉంటాయని వాట్సాప్‌లో పంపుకుంటాం, తర్వాత అక్కడే వదిలేస్తాం. షాపాయన తనంతట తానే విండో మూసేసి, పోర్ట్ డబ్బులు మాత్రం తీసుకుని, "ఇంకెక్కడా దీన్ని ఇలా ఇచ్చెయ్యకు" అని చెప్పి పంపించాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావాడు ముమ్మిడివరం దాటేదాకా మాట్లాడలేదు.

లాక్ ఉంది. అయినా అడగలేదు. ఎందుకు? ఈ ఆర్టికల్ అంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

బూట్‌లోడర్ కాపలా కాసేది దేనికి?

పవర్ బటన్ నొక్కగానే ఆండ్రాయిడ్ రాదు. ముందు ప్రాసెసర్‌లోనే చెక్కేసి ఉన్న చిన్న కోడ్ లేస్తుంది. దాన్ని ఎవరూ మార్చలేరు. అది బూట్‌లోడర్ మీద ఉన్న డిజిటల్ సంతకం చూస్తుంది. సరిగ్గా ఉంటే లేపుతుంది. బూట్‌లోడర్ లేచి కెర్నల్ ఉండే బూట్ పార్టిషన్‌ని, దాని తర్వాత సిస్టమ్ పార్టిషన్లని సరిచూస్తుంది. మన గోదావరి కాలవల మీద పడవల లాకులు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: వెనక తలుపు మూసి, నీటి మట్టం సరిపోయాకే ముందు తలుపు తీస్తారు. ఇక్కడా అంతే, ముందు మెట్టు ఒప్పుకుంటేనే తర్వాతి మెట్టు. దీన్ని వెరిఫైడ్ బూట్ అంటారు. ఆండ్రాయిడ్ 4.4లో దీనికి పునాది పడింది. 7.0 నుంచి కచ్చితంగా అమలవుతోంది, అంటే సంతకం కలవకపోతే ఫోన్ లేవనే లేవదు.

ఫోన్ ఏ స్థితిలో ఉందో చెప్పడానికి గూగుల్ నాలుగు రంగులు పెట్టింది. కంపెనీ సంతకంతో, లాక్ అయి ఉంటే గ్రీన్. లాక్ అయి ఉండి, యజమాని పెట్టుకున్న వేరే సంతకంతో నడుస్తుంటే ఎల్లో. అన్‌లాక్ అయితే ఆరెంజ్. ఏదో చెడిపోయి సరిచూపులో ఫెయిలైతే రెడ్. అన్‌లాక్ చేసిన ఫోన్ ఆన్ చేసినప్పుడల్లా ఓ హెచ్చరిక స్క్రీన్ వచ్చి ఐదు సెకన్లు చిరాకు పెడుతుంది కదా, అది ఆరెంజ్.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బూట్‌లోడర్ లాక్ మన ఫొటోలకి తాళం అనుకుంటారు. కాదు. ఫొటోలకి తాళం ఎన్‌క్రిప్షన్. ఆ తాళం తీసే చోట మనం టైప్ చేసే పిన్‌ని అడుగుతున్నది అసలైన ఆండ్రాయిడేనా, వేషం వేసుకున్న ఇంకోటా అని చూసేది బూట్‌లోడర్. ఒకటి ఇనప్పెట్టె, ఇంకోటి ఆ ఇనప్పెట్టె ఉన్న గదికి కాపలా. కాపలా తీసేసినంత మాత్రాన పెట్టె తెరుచుకోదు. కానీ పెట్టె దగ్గరికి ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

అన్‌లాక్ చేస్తే డేటా ఎందుకు చెరిగిపోతుంది?

ఫాస్ట్‌బూట్‌లో అన్‌లాక్ కమాండ్ ఇవ్వగానే ఫోన్ మొత్తం ఖాళీ అయిపోతుంది. కొత్తగా చేసేవాళ్ళు దీన్ని శిక్ష అనుకుంటారు. నిజానికి అది మనకి రక్షణ. దొంగ చేతికి ఫోన్ దొరికి, వాడు అన్‌లాక్ చేసి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించినా పాత డేటా మాత్రం దక్కకూడదని అలా పెట్టారు. ఎన్‌క్రిప్షన్ కీలు కూడా బూట్‌లోడర్ స్థితితో ముడిపడి ఉంటాయి. లాక్ స్థితిలో పుట్టిన కీ అన్‌లాక్ స్థితిలో పనిచేయదు.

ఈ చెరిపివేత లేకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. వన్‌ప్లస్ 3, 3టీ ఫోన్లలో రోయీ హే అనే పరిశోధకుడు ఓ దాచిన ఫాస్ట్‌బూట్ కమాండ్ పట్టుకున్నాడు. సెట్టింగ్స్‌లో ఓఈఎం అన్‌లాక్ ఆన్ చేయకపోయినా, స్క్రీన్ మీద యజమాని ఒప్పుకోకపోయినా, డేటా చెరగకుండానే దాంతో లాక్‌ని దాటెయ్యొచ్చు. కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మళ్ళీ 2018లో వన్‌ప్లస్ 6 బూట్‌లోడర్ లాక్ అయి ఉన్నా కంప్యూటర్ నుంచి పంపిన ఏ ఇమేజ్‌నైనా బూట్ చేసేస్తోందని జేసన్ డోనెన్‌ఫెల్డ్ బయటపెట్టాడు. ఆ రెండుసార్లూ దాన్ని పెద్ద భద్రతా లోపంగా రాశారు, రాయాల్సిందే. కానీ ఒక్కసారి ఆలోచించండి: మనం చేతులారా అన్‌లాక్ చేసుకున్న ఫోన్ రోజూ ఆ స్థితిలోనే ఉంటుంది.

మావాడి ఫోన్ అసలెక్కడ దెబ్బతింది?

ఆ రాత్రి కూర్చుని వెతికాం. అన్‌లాక్ ఒక్కటే అయితే అంత ఘోరం జరిగేది కాదు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైల్-బేస్డ్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ఆండ్రాయిడ్ 7లో వచ్చింది, ఆండ్రాయిడ్ 10తో వచ్చే కొత్త ఫోన్లకి తప్పనిసరి అయింది. ఇందులో ఫైళ్ళు రెండు రకాలు. అలారం మోగడానికి, కాల్ రావడానికి కావాల్సినవి ఫోన్ ఆన్ అవగానే తెరుచుకుంటాయి. మన ఫొటోలు, చాట్‌లు, యాప్‌ల డేటా మాత్రం రీస్టార్ట్ తర్వాత మొదటిసారి పిన్ కొట్టేదాకా మూసే ఉంటాయి. రికవరీలోంచి చూసినా అర్థంకాని పిచ్చి పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయంతే. పిన్‌ని ఊహించి కొడుతూ పోదామన్నా, ప్రాసెసర్‌లో విడిగా ఉండే సురక్షిత భాగం తప్పు కొట్టే కొద్దీ ఎక్కువసేపు ఆపుతుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయినా ఈ భాగం పనిచేస్తూనే ఉంటుంది.

మరి మావాడి ఫోన్‌లో? రోమ్ ఎక్కించేటప్పుడు వాడు చూసిన గైడ్‌లో చివరి స్టెప్ "డీఎఫ్ఈ జిప్ ఫ్లాష్ చేయండి" అని ఉందట. డీఎఫ్ఈ అంటే డిజేబుల్ ఫోర్స్ ఎన్‌క్రిప్షన్. రికవరీలో ఫైళ్ళు కనిపించట్లేదు, రోమ్ మార్చినప్పుడల్లా ఫార్మాట్ చేయాల్సొస్తోంది అనే గొడవ లేకుండా ఎన్‌క్రిప్షన్‌నే ఎత్తేసే జిప్ అది. పేరులోనే ఉంది, కానీ ఎవరు చదువుతారు? పది స్టెప్పుల్లో అదొక స్టెప్. వాడూ కొట్టేశాడు.

అప్పటి నుంచి ఆ ఫోన్‌లో ప్యాటర్న్ అనేది బొమ్మ తలుపు. ఆండ్రాయిడ్ లేచాక స్క్రీన్ మీద అడుగుతుంది. రికవరీలోకి వెళ్తే ఆండ్రాయిడే లేవదు, అడిగేవాడే లేడు. ఫైళ్ళు మామూలుగా, తాళం లేకుండా పడి ఉన్నాయి. అలాంటి ఫోన్‌లో లాక్ సమాచారం ఉన్న చిన్న ఫైల్ చెరిపేస్తే ప్యాటర్న్ కూడా మాయమవుతుంది, యాప్‌లన్నీ లాగిన్ అయి ఉన్న ఫోన్ చేతికొస్తుంది. తెలిసినవాడికి ఐదు నిమిషాల పని. ఎన్‌క్రిప్షన్ సరిగ్గా ఉన్న ఫోన్‌లో ఇదే పని చేస్తే డేటా తెరుచుకోదు, పనికిరాకుండా పోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, కానీ "ఎందుకులే, ఊరికే అడుగుతుంది" అని స్క్రీన్ లాక్ పెట్టుకోరు. పిన్ లేకపోతే కీ తయారుచేయడానికి రహస్యమే లేదు. కస్టమ్ రికవరీ దాన్ని తనంతట తానే విప్పేస్తుంది. అన్‌లాక్ చేసి స్క్రీన్ లాక్ లేకుండా తిరిగేవాళ్ళు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. ఇది పోస్ట్ అయ్యాక ఉండరని ఆశ.

ఎన్‌క్రిప్షన్, పిన్ రెండూ ఉంటే సేఫేనా?

ఫోన్ పోయి మళ్ళీ దొరక్కపోతే, చాలావరకు సేఫే. ఫోన్ పోయి మళ్ళీ *దొరికితేనే* డౌట్ పడాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ అదే నిజం.

ఫోన్ ఒక గంట వేరేవాళ్ళ దగ్గర ఉందనుకోండి. రిపేర్ షాపు, హాస్టల్ రూమ్, ఎవరైనా సరే. వాళ్ళకి పిన్ తెలియదు, డేటా తీయలేరు. కానీ అన్‌లాక్ అయి ఉంది కాబట్టి బూట్ ఇమేజ్ మార్చి పెట్టగలరు. ఫోన్ మీకు తిరిగొస్తుంది, మామూలుగానే ఆన్ అవుతుంది. మీరు పిన్ కొడతారు, మార్చిన సాఫ్ట్‌వేర్ ఆ పిన్‌ని రాసుకుంటుంది. అంతే, ఎన్‌క్రిప్షన్‌ని ఎవరూ బద్దలు కొట్టలేదు, తాళంచెవి మీరే ఇచ్చారు. లాక్ అయి ఉన్న ఫోన్‌లో ఇలా మార్చిన బూట్ ఇమేజ్ లేవదు. ఏదైనా మారితే హెచ్చరిక వస్తుంది. అన్‌లాక్ చేసిన ఫోన్‌లో ఆ హెచ్చరిక మీరు రోజూ చూసేదే కదా! ముందురోజు ఆరెంజ్, తర్వాతిరోజూ ఆరెంజ్. తేడా తెలిసే దారే లేదు.

రిపేర్ షాపు మీద ఇంత పగబట్టి చేస్తారా అంటే, మామూలు మనుషుల విషయంలో అరుదు. కానీ దొంగతనం అరుదు కాదు. డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసేటప్పుడే ఆండ్రాయిడ్ చెబుతుంది, ఇది ఆన్‌లో ఉన్నంతకాలం ఫోన్‌ని కాపాడే ఫీచర్లు పనిచేయవని. లాక్ అయిన ఫోన్‌ని దొంగ రీసెట్ చేసినా పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. అన్‌లాక్ చేసిన ఫోన్‌కి వేరే రోమ్ ఎక్కించుకుని అమ్ముకోవచ్చు. 2023లో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించడం మంచిదే, తప్పకుండా చేయండి. ఫోన్ నెట్‌వర్క్‌కి ఎక్కదు. కానీ అందులో ఉన్న పాస్‌పోర్ట్ ఫొటో చూడటానికి నెట్‌వర్క్ ఎందుకు?

బ్యాంక్ యాప్ కోసం ఇంకో గొయ్యి

అన్‌లాక్ చేశాక అందరికీ వచ్చే మొదటి బాధ యూపీఐ. రిజర్వ్ బ్యాంక్ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన డిజిటల్ పేమెంట్ భద్రతా నిబంధనల్లో, రూట్ చేసిన ఫోన్లని గుర్తించి యాప్ పనిచేయకుండా ఆపడం గురించి బ్యాంకుల్ని పరిశీలించమంది. బ్యాంకులు గూగుల్ ప్లే ఇంటిగ్రిటీని అడుగుతాయి. పాత సేఫ్టీనెట్ స్థానంలో వచ్చింది ఇదే. ఇది మూడు స్థాయిల్లో జవాబిస్తుంది. అన్నిటికన్నా పై స్థాయికి జవాబు చిప్‌లోంచే వస్తుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందా లేదా అని సంతకం చేసి మరీ చెబుతుంది.

దాన్ని మోసం చేయడానికి మనవాళ్ళు మాడ్యూళ్ళ మీద మాడ్యూళ్ళు వేస్తారు. వేరే ఫోన్ల నుంచి లీకైన కీబాక్స్ ఫైళ్ళు టెలిగ్రామ్‌లో తిరుగుతుంటాయి. గూగుల్ వాటిని రద్దు చేస్తుంటుంది, మళ్ళీ కొత్తది వెతకాలి. నాకు ఇందులో నచ్చనిది చట్టమో రూలో కాదు. పేరు తెలియని ఎవడో ఇచ్చిన జిప్‌ని రూట్ అధికారంతో నడిపి, ఆ తర్వాత అదే ఫోన్‌లో అమ్మ పంపిన డబ్బులున్న అకౌంట్ తెరుస్తున్నాం. రూట్ వచ్చిన కోడ్‌కి యాప్‌కీ యాప్‌కీ మధ్య ఉండే గోడలు వర్తించవు. వచ్చే ప్రతి ఓటీపీ మెసేజ్ చదవగలదు. భద్రత కోసం పెట్టిన పరీక్ష పాసవడానికి, ఉన్న భద్రతంతా తీసేసుకోవడం ఇది. మ్యాజిస్క్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్ వేరు, దాని కోడ్ అందరి కళ్ళముందూ ఉంది. మూడు గ్రూపులు దాటి ఫార్వర్డ్ అయి వచ్చిన జిప్ వేరు.

మరి అన్‌లాకే చేయొద్దా?

అలా అనను, నా దగ్గరే ఒకటుంది. అప్‌డేట్లు ఆగిపోయి నాలుగేళ్ళయిన ఫోన్‌లో తెలిసిన లోపాలు అలాగే ఉండిపోతాయి. దానికి లీనేజ్ ఓఎస్ ఎక్కిస్తే ఆండ్రాయిడ్ ప్యాచ్‌లు వస్తాయి. చిప్ కంపెనీ ఇచ్చే లోపలి ఫర్మ్‌వేర్ మాత్రం పాతదే ఉంటుంది. దూరం నుంచి వచ్చే దాడుల నుంచి కొంత మెరుగు, చేతిలోకి తీసుకుని చేసే దాడుల ముందు బలహీనం. ఏది ముఖ్యమో ఆ ఫోన్‌లో ఏముందో దాన్నిబట్టి తేలుతుంది.

ఈ లెక్కన ప్రయోగానికి అన్నిటికన్నా పనికొచ్చేది మన రాష్ట్రంలో చాలా ఇళ్ళలో మూలన పడి ఉంది. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వం ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, బైజూస్ పాఠాలతో. పాఠాలు తప్ప ఇంకేమీ నడవకుండా ఎండీఎం లాక్ పెట్టారు. ఆ బ్యాచ్ పదో తరగతి దాటేసింది, 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇప్పుడు "దీని బూట్‌లోడర్ అన్‌లాక్ చేయొచ్చా?" అని అడిగేవాళ్ళు చాలామంది. స్కూల్లో వాడుతున్నది అయితే ముట్టుకోకండి. ఇక వాడకంలో లేకపోతే, ముందు స్కూల్లో అడిగి ఎండీఎం తీయించుకోండి, షాపులో కాదు. బూట్‌లోడర్ విషయానికొస్తే, శాంసంగ్‌లో వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ ఫ్యూజ్ కాలిపోతుంది. నిజంగానే చిప్‌లో కాలే ఫ్యూజ్ అది, మళ్ళీ లాక్ చేసినా వెనక్కి రాదు. బ్యాంకు, వాట్సాప్ లేని ట్యాబ్‌కి దానివల్ల నష్టం తక్కువే. రోజూ వాడే ఫోన్‌కి ఎక్కువ.

కంపెనీలు కూడా తలుపులు మూస్తున్నాయి. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. షావోమీ హైపర్ ఓఎస్ వచ్చాక షరతులు బిగించింది. 2025లో శాంసంగ్ వన్ యూఐ 8తో ఓఈఎం అన్‌లాక్ ఆప్షన్‌నే తీసేసింది. భద్రత కోసమే అంటారు, కొంత నిజం. కానీ అప్‌డేట్లు ఆపేసే రోజు తాళంచెవి యజమానికి ఇచ్చి వెళ్ళొచ్చు కదా? పిక్సెల్‌లో కస్టమ్ రోమ్ ఎక్కించి, దాని సంతకంతోనే మళ్ళీ లాక్ చేసుకోవచ్చు. పైన చెప్పిన ఎల్లో స్థితి అదే. గ్రాఫీన్ ఓఎస్ అలాగే నడుస్తుంది. కుదరక కాదు, మిగతావాళ్ళలో చాలామంది ఇవ్వరంతే.

మళ్ళీ లాక్ చేయాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. కస్టమ్ రోమ్ ఉండగా ఫాస్ట్‌బూట్‌లో లాక్ కమాండ్ కొట్టకండి. సంతకం కలవదు, ఫోన్ లేవదు. ముందు మీ మోడల్‌కి, మీ దేశానికి ఇచ్చిన స్టాక్ రోమ్ పూర్తిగా ఎక్కించి, అది బూట్ అయిందని చూసుకుని, అప్పుడు లాక్ చేయండి. షావోమీ ఫోన్లకి వాడే మీ ఫ్లాష్ టూల్‌లో "క్లీన్ ఆల్ అండ్ లాక్" అన్నది ముందే టిక్ అయి ఉంటుంది, చూసుకోకుండా వేరే దేశం రోమ్ ఎక్కిస్తే అక్కడే ఆగిపోతుంది. పాత వెర్షన్‌కి వెళ్దామనుకున్నా జాగ్రత్త. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రోకి యాంటీ రోల్‌బ్యాక్ వచ్చినప్పుడు, వెనక్కి వెళ్ళబోయి ఎన్ని ఫోన్లు ఇటుకలయ్యాయో అప్పట్లో రోమ్‌లు మార్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

మావాడు మొదట ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, స్టాక్ రోమ్ ఎక్కించి, లాక్ చేశాడు. ఆన్ చేస్తే హెచ్చరిక స్క్రీన్ రాలేదు. తర్వాత కువైట్‌కి వీడియో కాల్ చేసి, "అమ్మా, ఆ పాస్‌పోర్ట్ ఫొటోలు నీ ఫోన్‌లో కూడా డిలీట్ చెయ్యి" అన్నాడు. "ఎందుకురా, మొన్న నువ్వే కదా పంపమన్నావు" అంది పిన్ని.